లెక్క మారింది, ఉయ్యాల ఏది?

వేతన ఒప్పందం గడువు దగ్గరపడగానే మన మిల్లుల్లో కోర్కెల పత్రం తయారవుతుంది. అందులో ఎక్కడో చివర, పన్నెండో అంశంగానో పదమూడో అంశంగానో, 'పసిపిల్లల సంరక్షణ గది' అని ఒక ముక్క ఉంటుంది. చర్చలు మొదలైన మూడో రోజుకు కరువు భత్యం దగ్గరో పనిభారం దగ్గరో పేచీ ముదురుతుంది. ఏదో ఒకటి వదిలితే గాని బేరం ముందుకు సాగదు. అలా వదిలేసేవాటిలో మొదట పోయేది ఈ గదే. యాజమాన్యానికీ అది తెలుసు. అందుకే ఆ అంశం వచ్చినప్పుడు వాళ్ళ మేనేజరు తలెత్తి కూడా చూడడు.

ఈసారి ఆ అంశం మొదటి ఐదింటిలో ఉండాలని మా వాదన. పిల్లల మీద జాలి చూపమని అడగడం లేదు. చట్టంలో ఒక అంకె మారింది. ఆ సంగతి చాలామంది కార్మికులకు ఇంకా చేరలేదు.

1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయమంది. అయితే ఆ బాధ్యతను స్త్రీ కార్మికుల సంఖ్యకు ముడిపెట్టింది. మొదట 50 మంది స్త్రీలు దాటితే అన్నారు, 1976 సవరణతో 30 మంది దాటితే అన్నారు. ఉద్దేశం మంచిదే. ఆ లెక్కే యాజమాన్యాలకు కిటుకు నేర్పింది. ముప్పై దాటితే గది కట్టాలి, ఆయాను పెట్టాలి, పిల్లలకు పాలో ఫలహారమో ఇవ్వాలి. కాబట్టి మస్టరులో ఆడవాళ్ళు ఇరవై ఎనిమిది మందే ఉంటారు. మిగిలినవాళ్ళు వైండింగులోనూ రీలింగులోనూ అదే పని చేస్తూ కాంట్రాక్టరు కాగితాల మీద ఉంటారు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున కోన్ల పెట్టెలు పేర్చిన గదిని ఖాళీ చేసి, దూలానికి ఒక ఉయ్యాల వేలాడదీసి, సాయంత్రానికి మళ్ళీ పెట్టెలు సర్దిన మిల్లుల కథలు ఏ ఊళ్ళో వాళ్ళనడిగినా చెబుతారు.

2017లో ప్రసూతి సౌకర్యాల చట్టాన్ని సవరించినప్పుడు ఆ ముడి తెగింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. ఉద్యోగులు అన్నారే తప్ప స్త్రీలు అనలేదు. ఈ నియమం 2017 జూలై 1 నుంచి అమలయింది. తర్వాత ఇదే 2020 సామాజిక భద్రతా కోడ్‌లో 67వ సెక్షనుగా చేరింది. ఆ కోడ్‌తో సహా నాలుగు లేబర్ కోడ్‌లను 2025 నవంబరు 21న కేంద్రం అమల్లోకి తెచ్చింది.

కోడ్‌లను కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి, ఇప్పటికీ వ్యతిరేకిస్తున్నాయి. అనుమతి లేకుండా కార్మికుల్ని తొలగించుకునే హద్దును వంద నుంచి మూడు వందలకు పెంచిన చట్టాన్ని ఎవరు మెచ్చుకుంటారు? ఆ పోరాటం వేరే ఉంది, ఆగేది కాదు. కానీ మన నెత్తిన పెట్టిన మూటలో మనకు పనికొచ్చేది ఒక్కటి ఉంటే దాన్ని తీసి వాడుకోకుండా ఉండాల్సిన పని లేదు. 'కొత్త నియమాలు రానివ్వండి, చూద్దాం' అని యాజమాన్యం అంటే జవాబు సిద్ధంగా ఉంది: ఈ 50 లెక్క నిన్న పుట్టింది కాదు, 2017 నుంచీ ఉంది.

దీనర్థం ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఆడమనిషి ఒక్కతి కూడా లేని కర్మాగారమైనా, మగవాళ్ళు యాభై మంది ఉంటే, ఆ లెక్కలోకి వస్తుంది. 'మా మిల్లులో ఆడవాళ్ళే లేరు గదా, మాకెందుకీ గొడవ' అనే మాట మన సభ్యుల నోటే వింటూంటాం. ఆడవాళ్ళు లేని మిల్లు ఉంటుందేమో గాని, పిల్లలు లేని మిల్లు లేదు. మగ కార్మికుడి భార్య బీడీలు చుడుతుంది, కండెలు చుడుతుంది, ఇళ్ళల్లో పనిచేస్తుంది, బళ్ళారిలో అయితే జీన్సు కుట్టే షెడ్డుకు పోతుంది. ఆమె పనిచేసే చోట యాభై మంది ఉండరు. ఆమెకు చట్టం అందదు. భర్త పనిచేసే మిల్లులో యాభై మంది ఉంటారు. అక్కడ గది పెడితే బిడ్డ తండ్రితో వెళ్ళవచ్చు.

ఇక్కడ చట్టంలో ఒక లోటు ఉంది, దాచి లాభం లేదు. పనివేళల్లో రోజుకు నాలుగుసార్లు కేంద్రానికి వెళ్ళి బిడ్డను చూసుకునే హక్కు చట్టం తల్లికే ఇచ్చింది. తండ్రి మాట అందులో లేదు. కాబట్టి అది ఒప్పందంలో రాయించుకోవలసిన వాక్యం: 'స్త్రీ పురుష భేదం లేకుండా, కాంట్రాక్టు, బదిలీ కార్మికులతో సహా, అందరి పిల్లలకూ.' ఈ ఒక్క వాక్యం కోసం గట్టిగా కూర్చోవాలి.

మన పెద్దలకు ఇది కొత్త పోరాటం కాదు. బొంబాయి మిల్లుల్లో 1920ల నాటికి కార్మికుల్లో దాదాపు ఐదో వంతు స్త్రీలు. తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలీల కుటుంబాలు, కామాటీల కుటుంబాలు ఆ నగరంలో అప్పటికే పాతుకుపోయాయి. పనికి పోతూ తల్లులు పసికందులకు నల్లమందు గోళీ పెట్టి పడుకోబెట్టేవారని ఆనాటి వైద్యుల నివేదికలు రాశాయి. తల్లులను నిందించడం తేలిక. కూత వినగానే గేటులోకి పోకపోతే కూలి పోతుంది, చూసే మనిషి ఇంట్లో లేదు, బిడ్డ ఏడవకుండా ఉండాలి. మిల్లు ఇవ్వని ఉయ్యాలకు బదులు గోళీ వచ్చింది.

ఏఐటీయూసీ స్థాపకుల్లో ఒకరైన ఎన్.ఎం. జోషి 1924లో కేంద్ర శాసనసభలో ప్రసూతి బిల్లు పెడితే అది ఓడిపోయింది. 1928లో బొంబాయి శాసనమండలిలో అలాంటి బిల్లు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దానిని సమర్థించారు. ప్రసవానికి ముందూ వెనకా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశం మేలు కోసమేననీ, ఆ భారంలో పనిచేయించుకునేవాడికీ వాటా ఉందనీ ఆయన వాదించారు. 1929లో బొంబాయి ప్రసూతి చట్టం వచ్చింది, దేశంలో అదే మొదటిది. ఆ తర్వాత మిల్లుల్లో ఆడవాళ్ళ సంఖ్య తగ్గుతూ పోవడానికి కారణాలు అనేకం. హక్కు ఇవ్వవలసి వస్తే మనిషినే తీసేయడం వాటిలో ఒకటి. 2017 లెక్క విలువ అక్కడే ఉంది. ఆడమనిషిని తీసేసినా గది బాధ్యత పోదు.

ఇక బిడ్డ సంగతి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో ఒక పత్రం వెలువరించాయి. పసిబిడ్డ సవ్యంగా ఎదగడానికి ఐదు కావాలన్నారు: ఆరోగ్యం, తగిన తిండి, భద్రత, బిడ్డ పిలిస్తే పలికే మనిషి, నేర్చుకునే అవకాశం. మన ముసలమ్మలు ఈ ఐదూ పత్రం లేకుండానే చెబుతారు. ప్రపంచ బ్యాంకు ఆ మాట చెబుతూ, మరోపక్క ప్రభుత్వ ఖర్చు తగ్గించమని సలహాలిచ్చిన చరిత్ర మనకు గుర్తుంది. అయినా మాట నిజం. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానం కూడా రాసుకుంది. అంటే బడికి పోయే వయసు వచ్చేసరికే చాలా భాగం అయిపోతుంది. మనం పిల్లల ఫీజుల గురించి ఆలోచించడం మొదలుపెట్టేదే అప్పుడు.

ఆ ఐదింటిలో మిల్లు కార్మికుల ఇళ్ళల్లో మొదట దెబ్బతినేది నాలుగోది, పలికే మనిషి. ఎందుకంటే గంటలు కలవవు. మొదటి షిఫ్టు ఏడింటికి మొదలవుతుంది. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదికో పదికో. మధ్యాహ్నం భోజనం పెట్టి పిల్లల్ని పంపేస్తారు. షిఫ్టు వదిలేది మూడున్నరకు. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు బిడ్డ ఎవరి చేతుల్లో ఉండాలి? ముసలమ్మ ఉన్న ఇల్లు అదృష్టం. లేని ఇంట్లో ఆ ఎనిమిదేళ్ళ అక్క ఉంటుంది. తమ్ముణ్ణి చంకనేసుకుని వీధి అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఆ పిల్ల బడి రిజిస్టరులో పేరు ఉంటుంది, మనిషి ఉండదు. యాజమాన్యం గదికి పెట్టని ఖర్చును ఎవరు కడుతున్నారని అడిగితే, ఆ అక్క కడుతోంది, తన మూడో తరగతితో.

ఇప్పుడు దీనికి ఇంకో చిక్కు కలిసింది. స్త్రీల సమ్మతితో రాత్రి షిఫ్టులోనూ పనిచేయించుకోవడానికి కొత్త కోడ్‌లు దారి ఇచ్చాయి. రాత్రి పదింటికి గేటులోకి పోయే తల్లికి సాయంత్రం ఐదింటికి తాళం పడే కేంద్రం ఎందుకు పనికొస్తుంది? రాత్రి షిఫ్టు గురించి ఏ కాగితం మీద సంతకం పెట్టేముందైనా, కేంద్రం షిఫ్టు మొత్తం తెరిచి ఉంటుందా అన్నది తేల్చుకోవాలి.

షోలాపూర్‌లో, భివండిలో ఉన్న మన సోదరులు చదువుతూ ఇదంతా పెద్ద మిల్లుల మాట అనుకుంటారు. నిజమే, ఎనిమిది సాంచాలు, పన్నెండు సాంచాలు పెట్టుకుని నడిపే షెడ్డుకు యాభై మంది ఎక్కడ వస్తారు? కానీ పారిశ్రామిక వాడ మొత్తం తీసుకుంటే వేల మంది. కొన్ని సంస్థలు కలిసి ఒక ఉమ్మడి కేంద్రం పెట్టుకోవచ్చని, ప్రభుత్వమో మునిసిపాలిటీయో నడిపే కేంద్రాన్ని కూడా వాడుకోవచ్చని ఆ 67వ సెక్షనే చెబుతోంది. బాధ్యత లేని చిన్న షెడ్డు యజమానుల్ని చట్టం బలవంతపెట్టలేదు గాని, వాళ్ళ సంఘంతో, మహానగర పాలికతో మనం మాట్లాడవచ్చు. 2022 నుంచి కేంద్రం 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీలోనే సంరక్షణ కేంద్రం నడిపే పథకం పెట్టింది. కర్ణాటక ప్రభుత్వం 2023లో ఉపాధి హామీ కూలీల పిల్లల కోసం పంచాయతీల్లో 'కూసిన మనె' కేంద్రాలు ప్రకటించింది. చెరువు తవ్వే తల్లి బిడ్డకు ఇవ్వగలిగింది కండెలు చుట్టే తల్లి బిడ్డకు ఎందుకివ్వరని బళ్ళారి వాళ్ళు అడగాలి.

అసలు అంగన్‌వాడీయే లేని వాడలున్నాయి. వాళ్ళకు ఒక ఆయుధం ఉంది. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లెగానీ మురికివాడగానీ అడిగితే, అడిగిన మూడు నెలల్లోపు కేంద్రం ఇవ్వాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. నలభై మంది పిల్లల పేర్లు, వయసులు, ఇంటి నంబర్లు రాసి, తల్లిదండ్రుల సంతకాలతో ఇవ్వండి. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోవడం మరవకండి.

బీడీలు చుట్టే ఇంటి సంగతి ఇంకా కష్టం. అక్కడ తల్లి ఇంట్లోనే ఉంటుంది కాబట్టి బిడ్డకు లోటు లేదనుకుంటారు. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన బిడ్డ. వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా తల్లి కళ్ళు ఆకు మీదే. బిడ్డ పీల్చేది ఆ దుమ్మే. మరమగ్గం ఇంటిగోడకు ఆనుకుని ఉన్న చోట మరో కష్టం ఉంది. మాటలు నేర్చే వయసు బిడ్డకు మాటలు వినపడవు, సాంచా మోత వినపడుతుంది. పగలు రెండు మూడు గంటలైనా బిడ్డను ఆ మోతకూ ఆ దుమ్ముకూ దూరంగా కూర్చోబెట్టగలిగే చోటు కావాలి. బీడీ కుటుంబాలకూ ఈ గది అవసరమే అని మేమనడం అందుకే.

వైద్యం దగ్గర మన హక్కులు చాలావరకు ఉన్నాయి, వాడకమే తక్కువ. ఈఎస్ఐలో బీమా ఉన్న స్త్రీకి 26 వారాల ప్రసూతి వేతనం ఉంది, ఇద్దరు పిల్లలున్న తర్వాత అయితే 12 వారాలు. అంతకుముందు వరుసగా రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా పడి ఉండాలి. మీ జీతంలో కోసిన చందా నిజంగా జమ అయిందా లేదా అని గర్భం నిలిచిన నెలలోనే చూసుకోండి, తొమ్మిదో నెలలో కాదు. దినకూలీ, మస్టరు రోలు స్త్రీలకూ ప్రసూతి సౌకర్యం ఉందని 2000 మార్చి 8న ఢిల్లీ మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 'నువ్వు పర్మినెంటు కాదుగా' అన్న మాటకు అదే సమాధానం. ఈఎస్ఐ లేని తల్లులకు ప్రధానమంత్రి మాతృవందన పథకంలో మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు ఉన్నాయి. తమిళనాడులో ముత్తులక్ష్మీ రెడ్డి పేరిట వేరే పథకం ఉంది, ఒడిశాలో 'మమత' ఉంది. కోయంబత్తూరు, రాయగడ వాళ్ళు రెండూ విచారించుకోవాలి.

టీకాల విషయంలో షిఫ్టు కార్మికుడికి ఒక అనుకూలం ఉంది, ఎవరూ గమనించరు. పుట్టగానే వేసేవి కాక, ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలు నిండాక, మళ్ళీ ఏడాదిన్నర దగ్గర టీకాలున్నాయి. ఇవి వేసేది పొద్దుటిపూట. రెండో షిఫ్టువాడు పొద్దున ఇంట్లోనే ఉంటాడు. మొదటి షిఫ్టులో ఉన్న భార్య అరపూట కూలి పోగొట్టుకుని బిడ్డను తీసుకుపోతూంటే, ఆయన టీ దుకాణం దగ్గర పేపరు చదువుతూంటాడు. ఆ కార్డు పట్టుకుని వెళ్ళడం మగతనానికేం లోటు కాదు.

మరో సంగతి. మన ఆడపడుచులు కాన్పుకు పుట్టింటికి పోతారు. షోలాపూర్ కోడలు కరీంనగర్‌కో నల్లగొండకో, యానాం అమ్మాయి కాకినాడ వైపుకో. తల్లీబిడ్డల కార్డు ఒక రాష్ట్రంలో, బిడ్డ ఒక రాష్ట్రంలో, మధ్యలో రెండు టీకాలు ఎగిరిపోతాయి. కార్డు ఎక్కడిదైనా ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా టీకా వేస్తారు. తిరుగు ప్రయాణంలో చీరలూ సారే కాదు, ఆ కార్డు సంచిలో ఉందో లేదో చూసుకోవాలి. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూడాలన్నది 2018 నుంచి ఉన్న ఏర్పాటు. మీ వాడకు ఆశా ఎవరో తెలుసుకోండి. ఏడాదిన్నర దాటినా నడవని బిడ్డను, పిలిస్తే తిరగని బిడ్డను, వంకర పాదాలతో పుట్టిన బిడ్డను 'పెద్దయితే అదే సర్దుకుంటుంది' అని ఉంచకండి. 2013 నుంచి ఉన్న బాలస్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాలకు ప్రభుత్వమే చికిత్స చేయిస్తుంది. వంకర పాదానికి మొదటి వారాల్లోనే పట్టీలు వేస్తే చాలావరకు నిలువునా సరిపోతుంది.

ఇక భాష. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో మరాఠీయో కన్నడమో తమిళమో ఒడియానో. పిల్లలు రెండూ నేర్చుకుంటారు, మన తరాలన్నీ అలాగే నేర్చుకున్నాయి. అయితే కొందరు తల్లిదండ్రులు బిడ్డ వెనకబడుతుందని భయపడి ఇంట్లో కూడా తమకు సగం వచ్చిన భాషలోనే మాట్లాడుతున్నారు. అది వద్దు. మనకు నిండుగా వచ్చిన భాషలోనే బిడ్డతో నిండుగా మాట్లాడగలం. జోలపాట, సామెత, వేళాకోళం తెలుగులోనే సాగనివ్వండి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న వాడల్లో తెలుగు తెలిసిన ఆయాను పెట్టమని అడగడం కూడా మన కోర్కెల్లో ఉండదగ్గదే.

ఆ ఆయా గురించి, అంగన్‌వాడీ టీచరు గురించి కూడా చెప్పాలి. మన పిల్లల్ని చూసే ఆ స్త్రీలను ప్రభుత్వం కార్మికులుగా ఒప్పుకోదు, 'గౌరవ వేతనం' అంటుంది. వాళ్ళకు గ్రాట్యుటీ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 2023 డిసెంబరులో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు సమ్మెకు దిగినప్పుడు 'మా పిల్లలకు తిండి ఆగిపోయింది' అని విసుక్కున్నవాళ్ళు మన వాడల్లోనూ ఉన్నారు. మనం సమ్మె చేసినప్పుడు ఊరు మనల్ని అలాగే విసుక్కుంటుంది. మిల్లు కేంద్రంలో పనిచేసే ఆయాకు కనీస వేతనం, ఈఎస్ఐ, పీఎఫ్ ఉండాలని మన ఒప్పందంలోనే రాయాలి. నెలకోసారి మారిపోయే ఆయాను ఏ బిడ్డ గుర్తుపడుతుంది?

ఈ సంచికతో పాటు ప్రతి డిపార్టుమెంటు ప్రతినిధికీ ఒక పట్టిక పంపుతున్నాం. కార్మికుడి పేరు, షిఫ్టు, పర్మినెంటా బదిలీయా కాంట్రాక్టా, ఆరేళ్ళలోపు పిల్లలెందరు, పనివేళల్లో వాళ్ళను ఎవరు చూస్తున్నారు అన్న ఐదు గడులున్నాయి. చివరి గడిలో 'ఎవరూ లేరు' అనో, 'పెద్దమ్మాయి' అనో ఉంటే ఆ మాటే రాయండి, ఆ పిల్ల ఏ తరగతిలో ఉండాలో కూడా పక్కన రాయండి. బ్లో రూమ్ నుంచి ప్యాకింగ్ దాకా ఎవరినీ వదలకుండా నింపి వచ్చే గేట్ మీటింగ్‌కు తీసుకురండి. చర్చల బల్ల మీద మొదట పెట్టేది ఆ కాగితాలే. వాటిలో తండ్రుల పేర్లే ఎక్కువుంటాయని మా అంచనా.